గండిచెరువుకు బాలన్న ప్రయాణం

మా బాలన్నకు ఒక్కటే పిచ్చి. దసరా దాటాక ఊరికి వెళ్లి, మూడు చెరువుల మీద మూడు రోజులు గాలం వేసి కొర్రమీను పట్టాలి. ఆ ప్రయాణానికి ఏర్పాట్లు జనవరి ఒకటో తారీకున మొదలుపెడతాడు. సెప్టెంబరు ఆఖరుదాకా చేస్తాడు. అక్టోబరు వస్తుందనగా రద్దు చేస్తాడు. మళ్లీ జనవరి వస్తుంది. నేను ఈ కంపెనీలో చేరేనాటికి ఆ ప్రయాణం ఎనిమిదో ఏట నడుస్తోంది. ఏ చెరువులోని ఏ చేపకూ ఈ సంగతి తెలియదు.

మాది సౌదీలో ఏసీలు బాగుచేసే కంపెనీ. ఖోబర్‌లో అల్ అజీజియా దగ్గర మా క్యాంపు. బాలన్న అందులో సీనియర్ టెక్నీషియన్. నిర్మల్ జిల్లాలో ఖానాపూర్ దాటాక రాగులపల్లె ఆయనది. ఏసీ ముందు నిలబడి చెవి ఒగ్గి వింటే చాలు, దాని రోగమేమిటో చెప్పేస్తాడు. నా పేరు నౌమాన్, మాది కదిరి. ఆఫీసులో సెలవు కాగితాలు చూసే గుమాస్తాను. మా గదిలో ఇంకో ఇద్దరున్నారు. కంపెనీ వ్యాను నడిపే ఇస్సాక్ భాయ్‌ది హైదరాబాద్. బాలన్న చేతికింద పనిచేసే రాముది జగిత్యాల వైపు.

ఏసీ పనివాళ్లకు వేసవిలో సెలవుండదు. ఎండ తగ్గి, ఏసీలు కాస్త ఊపిరి పీల్చుకునే అక్టోబరులోనే మొదటి సెలవులు. అవీ ఇద్దరికే. ఏప్రిల్ నుంచి ఇంటికోసం మొహం వాచిపోయిన అరవై మందికి రెండు సీట్లు! అందులో ఒకటి ఎప్పుడూ బాలన్నదే, సీనియర్ గనక. జనవరి ఒకటిన నేను ఇంకా కుర్చీలో కూర్చోకముందే ఫారం పట్టుకుని నిలబడేవాడు. 'కారణం' అన్న గడిలో తెలుగులో 'కొర్రమట్ట' అని రాసేవాడు. వాళ్ల వైపు కొర్రమీనును అలా అంటారు. నేను దాన్ని 'ఫ్యామిలీ మ్యాటర్' అని ఇంగ్లీషులోకి మార్చి మా ముదీర్‌కు పంపేవాణ్ని. ఈజిప్టు మనిషైన ఆ మేనేజరు "ఈయన కుటుంబానికి ప్రతి అక్టోబరులో ఏమవుతుంది?" అని ఒకసారి దిగులుగా అడిగాడు కూడా.

ప్రతి శుక్రవారం జుమ్మా అయ్యి, మేము భోజనం చేసి వేళ్లు నాకుతుండగానే మీటింగు మొదలయ్యేది. బాలన్న గోడకు ఒక పటం అంటించాడు, ఏసీ డబ్బా అట్టమీద తనే గీసింది. గండిచెరువు, తామరకుంట, నల్లచెరువు. ఎవరెక్కడ కూర్చోవాలో చుక్కలు. ఆ ప్రయాణంలో మేమెవ్వరం లేము. మాకెవ్వరికీ అక్టోబరు సెలవు లేదు. అయినా అందరికీ పనులు అప్పజెప్పాడు.

"రామూ, కప్పపిల్లలు పట్టుడు నీ పని. కొర్రమట్టకు కప్పకన్న మంచి ఎర లేదు."

"అన్నా, నాకు కప్పలంటె భయం."

"గందుకే ఇప్పటిసంది చెప్తున్న. ఇంక ఏడు నెలలున్నది, ధైర్నం తెచ్చుకో. ఇస్సాక్ భాయ్, నువ్వు హైదరాబాద్‌ల ఐదింటికి బండి తియ్యాలె."

"చాయ్ ఎక్కడ తాగాలె?"

"చాయ్ లేదు."

"అరె! చాయ్ లేకుండ నిర్మల్ దాంక ఎట్ల నడుపుత యార్? రామాయంపేటల ఆపుత."

"ఆపితె పొద్దెక్కుతది. పొద్దెక్కితె చేప లోపలికి పోతది."

ఈ చాయ్ మీద మూడు శుక్రవారాలు వాదన జరిగింది. నాలుగో శుక్రవారం ఫ్లాస్కులో తీసుకెళ్లాలని తీర్మానమైంది. తీర్మానాలు రాసే పని నాది. ఫ్లాస్కుకు మూత సరిగా పట్టదని ఐదో శుక్రవారం మళ్లీ మొదలైంది.

కొర్రమీనుకు మనిషి అడుగుల చప్పుడు తెలిసిపోతుందట. అందుకని మాచేత కదలకుండా, మాట్లాడకుండా కూర్చోవడం సాధన చేయించేవాడు. నలుగురం నాలుగు మంచాలమీద పదిహేను నిమిషాలు గోడ వైపు చూస్తూ కూర్చునేవాళ్లం. ఒకసారి పక్కగది పాకిస్తానీ ఎలక్ట్రీషియన్ ఉప్పు అడగడానికి తలుపు తీశాడు. మా ముఖాలు చూసి, చెప్పులు విడిచి, మెల్లగా లోపలికొచ్చి నా భుజంమీద చెయ్యివేసి, "కౌన్ గుజర్ గయే భాయ్?" అని అడిగాడు. ఎవరూ పోలేదని, చేపల కోసమని చెప్పేసరికి ఉప్పు తీసుకోకుండానే వెళ్లిపోయాడు.

గాలం విసరడం ప్రాక్టీసు మాత్రం కోర్నిష్‌లో, సముద్రపు ఒడ్డున. కొక్కెం లేకుండా ఒక నట్టు కట్టి విసిరేవాడు. ఒక సాయంత్రం ఆ నట్టు గాలిలో దారితప్పి, చాప పరుచుకుని కూర్చున్న ఒక సౌదీ కుటుంబం అరబ్బు కాఫీ 'గావా' ఫ్లాస్కుకు ఠంగున తగిలింది. మేమంతా కొయ్యబారిపోయాం. ఆ పెద్దాయన లేచి వచ్చాడు. దారం చివర నట్టు చూశాడు, సముద్రం చూశాడు, బాలన్నను చూశాడు. "కొక్కెం ఏది?" అన్నట్టు వేలు వంచి అడిగాడు.

బాలన్న తనకొచ్చిన అరబీ అంతా కూడగట్టుకున్నాడు. "హెనా మాఫీ బాబా. సమక్ మాల్ అనా ఫీ హింద్." ఇక్కడ కాదు బాబా, నా చేప ఇండియాలో ఉంది.

ఆ పెద్దాయన నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకుని, మా నలుగురినీ చాపమీద కూర్చోబెట్టి గావా పోసి ఖర్జూరాలు పెట్టాడు. ఇంత సముద్రం ఇక్కడే ఉంది కదా, ఇందులో పట్టుకోవచ్చు కదా అని చేతులతో అడిగాడు. బాలన్న మర్యాదగా తల అడ్డంగా ఊపాడు. దారిలో నాతో అన్నాడు: "ఉప్పునీళ్ల చేపకు సిగ్గుండదు తమ్మీ. ఏది ఏస్తె అది మింగుతది. కొర్రమట్ట అట్ల గాదు, మనిషిని చూసుకొని పడ్తది."

ఇదంతా నవ్వులాటే గానీ, ఒక్కోసారి పటం ముందు నిలబడి ఆయన ఆ చెరువు సంగతి చెప్పేటప్పుడు మా నవ్వు ఎక్కడికో పోయేది. వానలు వెనక్కి తగ్గి, బతుకమ్మలు నీళ్లలో కలిసిపోయాక ఎర్రనీళ్లు తేరుకుంటాయి. పొద్దుటిపూట నీళ్లమీద పొగలా మంచు. తుంగ పక్కన ఏ కదలికా ఉండదు. అప్పుడు కొర్రమీను గాలికోసం పైకొస్తుంది. ఒక్క గుక్క మింగి లోపలికి వెళ్లిపోతుంది. "గ్లప్!" అని బాలన్న నోటితో చప్పుడు చేసి, ఆ సుడులు ఎలా వెడల్పవుతాయో చెయ్యి తిప్పి చూపించేవాడు. ఆ చెయ్యి ఆగేదాకా మేము కన్నార్పేవాళ్లం కాదు. కిటికీ అవతల దుమ్ము లేచి రోడ్డు కనపడేది కాదు. మా ముక్కులకు మాత్రం తడిమన్ను వాసన తగిలేది. కప్పలంటే భయమన్న రామే "ఇంగోపారి చెప్పన్నా" అనేవాడు. నేను కదిరివాణ్ని, మా చెరువులో నీళ్లు చూడాలంటే అదృష్టం ఉండాలి. జన్మలో గాలం ముట్టినవాణ్ని కాదు. అలాంటిది, చూడని చెరువు మీద నాకూ బెంగ పట్టుకుంది.

అక్టోబరు దగ్గరపడేసరికి మాత్రం ఏదో ఒక అడ్డు. నేను చేరిన రెండో ఏడు ఆఫీసుకొచ్చి, "క్యాన్సల్ చెయ్యి తమ్మీ. నీళ్లు ఇంక తేరుకోలేదట, ఎర్రగున్నయట" అన్నాడు. ఆ సీటు ఇస్సాక్ భాయ్‌కి దక్కింది. సరిగ్గా అప్పుడే ఆయన కూతురు హాజిరాకు కాన్పు. మరుసటేడు, "అలుగు పారుతున్నదట, చేపలన్ని కిందికి కొట్టుకపోయినయట." ఆ సీటు రాముకు దొరికింది. వాళ్లమ్మకు కడుపు ఆపరేషన్. "ఎంత అదృష్టంరా నీది!" అని నేనే రాము వీపు తట్టాను. నాకు కోపం బాలన్న మీద. ఒకే మనిషి సెలవును రెండుసార్లు టైపు చెయ్యాలి కదా మరి.

ఆ తరువాతి సెప్టెంబరులో ఇంటినుంచి అమ్మ ఫోను చేసింది. నా చెల్లెలు సబీనా నిఖా డిసెంబరులో అనుకున్నది కాస్తా అక్టోబరుకు జరిపారట. అబ్బాయికి ఖతర్‌లో ఉద్యోగం వచ్చింది, నెలాఖరుకు వెళ్లిపోవాలి. మా నాన్న లేడు. సబీనా తరఫున నిలబడాల్సింది నేను. కానీ అక్టోబరు సీట్లు రెండూ నిండిపోయాయి. ఒకటి బాలన్నది, ఒకటి ఒక బంగ్లాదేశీ ప్లంబరుది. అందరికీ 'కోటా అయిపోయింది' అని చెప్పే నోరు నాది. ఆ మాట నాకు నేనే చెప్పుకున్నాను. "ఫోన్లో చూస్తాలేమ్మా, మీరు కానిచ్చేయండి" అన్నాను. గదిలో బాలన్న అటు తిరిగి దారానికి ముడులేస్తున్నాడు.

రెండు రోజుల తరువాత ఆఫీసుకొచ్చాడు.

"తమ్మీ, ఈసారి గూడ లాభం లేదు. గండిచెరువుకు నాచు పట్టిందట. గాలం దిగది. క్యాన్సల్ చెయ్యి."

నా గుండె ఎగిరి గంతేసింది. దాన్ని దాచుకోవడానికి విసుక్కున్నాను. "ఏందన్నా ఇది? సంవత్సరమంతా మా తలకాయ తింటావు, కడాకు క్యాన్సల్ అంటావు! నీకు నిజంగా పొయ్యే ఉద్దేశం ఉండాదా లేదా?"

"ఉన్నది తమ్మీ," అన్నాడు తల గోక్కుంటూ. "నాచు వట్టకపోతె పోదును."

ఆ కుర్చీలోనే, ఆ నిమిషమే నా ఫారం నింపుకున్నాను.

సబీనా నిఖా బాగా జరిగింది. ఖాజీ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని సంతకం పెట్టించుకున్నాడు. సెలవు ఆఖర్న హైదరాబాద్‌లో విమానం ఎక్కాలి. బాలన్న తన భార్య ఉమాదేవికి ఇమ్మని ఒక ఖర్జూరం డబ్బా, ఒక శాలువా నేను బయలుదేరేటప్పుడే ఇచ్చి పంపాడు. కష్టమైతే హైదరాబాద్ నుంచి పార్సిల్ వెయ్యమన్నాడు. ఆయన సెలవుతో చెల్లెలి పెళ్లి చేసుకుని డబ్బా పార్సిల్ వెయ్యడానికి మనసొప్పలేదు. ఒక రోజు ముందే బయలుదేరి నిర్మల్ బస్సెక్కాను.

ఉమాదేవి వదిన ఇంటి ముందు చాటలో తునికాకు పెట్టుకుని బీడీలు చుడుతోంది. నేను పేరు చెప్పకముందే, "నౌమాన్ తమ్మివేనా? చెల్లె పెండ్లి మంచిగయ్యిందా? ఏం రంగు చీర పెట్టిండ్రు?" అంది.

నేను తెల్లబోయాను. చాయ్ తాగాక, "వదినా, ఆ నాచు పట్టిన చెరువేందో ఒకపారి చూపీ. నాలుగేండ్లుగా దాని పాట వినలేక చస్తాండాం" అన్నాను.

"నాచా? ఎవలు చెప్పిండ్రు?"

గండిచెరువు గట్టెక్కాను. నాచు లేదు, బురద లేదు. ఆకాశం మొత్తం ఆ నీళ్లలో పడుకుని ఉంది. తుంగ పక్కన నీళ్లు కదిలాయి. గ్లప్! నాలుగేళ్లు బాలన్న నోటివెంట విన్న చప్పుడే. సుడులు మెల్లగా వెడల్పయి ఒడ్డుదాకా వచ్చాయి.

"అయితే మా అన్న ఎందుకు రాలేదు?" అన్నాను, జవాబు సగం తెలిసిపోతుండగా.

"నీ చెల్లె పెండ్లుండె గద! అంతకుముందేడు రాము తల్లికి ఆపరేషను. దానికి ముందుగాల ఇస్సాక్ భాయ్ బిడ్డ కాన్పు. ఇంక ముందైతె ఎవలో నెల్లూరాయిన, తండ్రి పోయిండు." ఆమె వేళ్లు మడుస్తూ పోయింది. మా అందరి ఇళ్ల సంగతులు మాకంటే ఆమెకే బాగా తెలుసు. "జనవరిలనే పేరు రాపిచ్చి ఆ సీటు పట్టుకొని కూసుంటడు. బస్సుల దస్తీ ఏస్తరు చూడు, గట్ల. ఎవలకన్న అక్కర పడ్తదని. నేరుగ ఇస్తె తీసుకోరట, మొహమాట పడ్తరట. గందుకని చెరువు మీద పెడ్తడు."

"నీకు కోపం రాదా వదినా?"

"ఎందుకు రాదు? పోయినేడు మూడు దినాలు ఫోను ఎత్తలే. ఫిబ్రవరిల వస్తడు, గప్పటికి చెరువుల నీళ్లు పొలాలకు పోతయి. ఇద్దరం ఒడ్డుకు కూసోని బురద చూస్తం." నవ్వింది. తరువాత నీళ్లవైపు తిరిగి అంది: "చేపల మీద పానం ఉన్నదన్నది మాత్రం అబద్ధం గాదు తమ్మీ. పెండ్లైన కొత్తల ఇక్కడ్నే కూసుంటుంటిమి."

తిరిగొచ్చి ఇస్సాక్ భాయ్‌కీ రాముకూ మొత్తం చెప్పాను. ఇస్సాక్ భాయ్, "ఈసారి వీన్ని పంపకపోతె నా పేరు ఇస్సాక్ కాదు" అన్నాడు.

జనవరి వచ్చింది. బాలన్న ఫారం వచ్చింది. శుక్రవారం మీటింగులు నడిచాయి. మేము మాత్రం మా ఇళ్లలో ఎవరికి జలుబు చేసినా ఆయన చెవిన పడనివ్వలేదు. సెప్టెంబరు రాగానే ఆయన అలవాటుగా వాసన పట్టడం మొదలుపెట్టాడు.

"ఇస్సాక్ భాయ్, ఇంట్ల అందరు మంచిగున్నరా?"

"అల్హందులిల్లా. మస్తున్నరు."

"మీ అమ్మకు మోకాళ్ల నొప్పి ఉండె గద?"

"తగ్గింది. ఉరుకుతున్నది."

"ఎనభై ఏండ్ల మనిషి ఉరుకుడేంది?"

"అదే మాకూ అర్థమైతలేదు."

రాము ఒకసారి దగ్గాడు. బాలన్న వెంటనే, "ఏమైందిరా? ఇంటికి పోతవా?" అన్నాడు. రాము గ్లాసెడు నీళ్లు గటగటా తాగి, ఆ వారమంతా దగ్గు మింగుతూ తిరిగాడు. ఎవ్వరికీ ఏ కష్టమూ లేకపోయేసరికి బాలన్న ముఖం వాడిపోయింది.

అంతా సరిగా జరుగుతుందనుకుంటుండగా ఇంకో వారముందనగా బాలన్న హుషారుగా ఆఫీసులోకి వచ్చాడు. "తమ్మీ, ఊర్ల గాలి మారిందట. తూర్పుగాలికి చేప పడది..."

ఆయన వెనకాల తలుపు దగ్గర కర్నూలు కుర్రాడు ఇర్ఫాన్ నిలబడి ఉన్నాడు. ఆర్నెల్ల కిందట పక్క బ్లాకులోకి వచ్చాడు. భార్య పర్వీన్‌కు నెలలు నిండకుండానే నొప్పులొచ్చి ఆస్పత్రిలో చేర్చారట. వాడి ముఖం చూశాక నాకు కాదనే నోరు లేదు. అలాగని బాలన్న ఫారం చింపడానికి చెయ్యీ రాలేదు.

అప్పుడు, మూలన ఆఫీసు ఏసీ విప్పుకుని కూర్చున్న రాము లేచాడు. ఆ ఏడు రెండో సీటు రాముది. ఏసీ ఫిల్టరు చేతిలో పట్టుకుని, ముఖం ఎర్రగా చేసుకుని, "నౌమాన్ అన్నా, నాది క్యాన్సల్ చెయ్యి. ఇర్ఫాన్‌కియ్యి. మా ఊర్ల... మా ఊర్ల దసరాకు మస్తు గర్ది ఉంటది. బస్సులు దొరకయి. నేను ఫిబ్రవరిల పోత" అన్నాడు.

బాలన్న వాడివైపు తిరిగాడు. కిందినుంచి పైదాకా చూశాడు. తరువాత నన్ను, గుమ్మంలో తాళాల గుత్తి తిప్పుతూ దొంగచూపులు చూస్తున్న ఇస్సాక్ భాయ్‌ని చూశాడు.

"అంటే... మీ అందరికి ఎర్కయ్యిందా?"

ఇస్సాక్ భాయ్ తాళాల గుత్తి జేబులో వేసుకున్నాడు.

"గర్ది అట, గర్ది!" అన్నాడు రాముతో. "గిదొక అబద్ధమారా? ఇంత పని నేర్పిన, అబద్ధం సక్కగ ఆడుడు నేర్పకపోతినే!"

ఇర్ఫాన్‌కూ బాలన్నకూ ఒకే రోజు ఖురూజ్ అవ్దా కాగితాలు, అంటే వెళ్లి తిరిగిరావడానికి అనుమతి, నా చేతులతో నేనే తీశాను. దమ్మాం ఎయిర్‌పోర్టుకు ఇస్సాక్ భాయ్ వ్యాను తీశాడు. దారంతా బాలన్న పరీక్షకు వెళ్తున్న పిల్లాడిలా కూర్చున్నాడు.

"ఇస్సాక్ భాయ్, చేప పడకపోతె?"

"పడకపోతె పడది."

"పన్నెండేండ్లసంది చెప్తున్న గద. ఊరంత నవ్వుతరు."

"ఒడ్డు మీద వదిన ఉంటదా, లేదా?"

"ఉంటది."

"మరింకేంది? దిగు, బ్యాగు తీస్కో."

పది రోజుల తరువాత శుక్రవారం, జుమ్మా అయ్యాక మేము అన్నం వడ్డించుకుంటుండగా వీడియో కాల్ వచ్చింది. అక్కడ పొద్దు వాలుతోంది. బాలన్న ముఖం ఫోను నిండా ఉంది, ఎండకు మాడి, పెరిగిన గడ్డంతో. మూడు చెరువులూ అయిపోయాయట. ఒక్క చేపా పడలేదట. ఈ రోజు మళ్లీ గండిచెరువుకే వచ్చారట. "నేను దమ్ము తీసుకుంటున్న, కర్ర మీ వదినకిచ్చిన" అంటూ ఫోను తిప్పాడు. ఉమాదేవి వదిన చీర కుచ్చిళ్లు ఎగ్గట్టుకుని, శాలువా నడుముకు చుట్టుకుని, గాలపుకర్రను రోకలిలా రెండు చేతులతో పట్టుకుని నిలబడింది.

"అట్ల గాదు ఉమా, జర వంచి పట్టు..."

"నువ్వూకో! పదిదినాలాయె, నువ్వు పట్టింది చూస్తనే ఉన్న!"

బెండు మునిగింది. వదిన కెవ్వున అరిచింది. బాలన్న ఫోను వదిలేసి ఉరికాడు. మా గదిలో ముగ్గురమూ అన్నం చేతులతోనే ఫోను మీదికి వంగాం. అది గట్టుమీద వెల్లకిలా పడింది. మాకు కనబడేదల్లా ఆకాశం. ఒకవైపు గడ్డిపోచ ఒకటి ఊగుతోంది.

"నా దిక్కు లాగు! నా దిక్కు!"

"నువ్వు జరుగయ్యా, కాళ్లల్లకు అడ్డమొస్తవేంది!"

నీళ్లు చిందిన చప్పుడు, ఎవరో జారిపడ్డారు, దబ్బుమని ఏదో పడింది. ఆ తరువాత ఇద్దరూ నవ్వుతున్నారు, ఆయాసపడుతూ, ఆగి, మళ్లీ నవ్వుతూ. చేప ఎంతుందో మాకు తెలియదు. మేమున్న సంగతే వాళ్లిద్దరూ మరిచిపోయారు. రాము కాల్ కట్ చెయ్యబోతే ఇస్సాక్ భాయ్ వాడి చెయ్యి పట్టుకున్నాడు.

"ఉండనీరా," అన్నాడు. "మబ్బులు చూడు, ఎంత బాగున్నయో."